గాంధారి ఏ జిల్లా?

2016 అక్టోబరు 10న తెలంగాణలోని గాంధారి అనే ఊరు నిజామాబాద్ జిల్లాలో ఉంది. మర్నాడు దసరా. ఆ రోజు నుంచి, జిల్లాల పునర్విభజనతో, అది కామారెడ్డి జిల్లాలో ఉంది. ఊరు జానెడు కదల్లేదు, ఊళ్లో ఇటుక మారలేదు. ఊళ్ల జాబితా నుంచి జిల్లాల జాబితాకు గీసి ఉన్న గీతల్లో ఒకటి చెరిపి ఇంకోటి గీశారు, అంతే. ఆ ఒక్క గీతతో కలెక్టరాఫీసు మారింది, కాగితాల మీద చిరునామా మారింది, ఫైలు పట్టుకుని వెళ్లే దారి మారింది.

ఊళ్లోకి తొంగిచూడకుండా, దాన్ని చేరే గీతల్నీ దాన్నుంచి బయల్దేరే గీతల్నీ మాత్రమే చూసి ఊరంటే ఏమిటో చెప్పెయ్యొచ్చా? ఊరి సంగతి ఏమో గానీ, గణిత వస్తువుల విషయంలో చెప్పొచ్చంటుంది కేటగిరీ థియరీ. ఆ గీతలకు కొసన మొన పెట్టి బాణాలంటుంది. 1940లలో అమెరికాలో పుట్టిన ఈ శాఖ మొదట్లో వేరే పనికి పనిముట్టు మాత్రమే. 1960లలో దాని పక్షం వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. గణితం మొత్తానికీ పునాదిగా సమితుల బదులు బాణాల్నే పెట్టొచ్చన్నారు. ఆ మాట ఎంతవరకు నిలబడుతుందన్నదే ఇక్కడి విషయం.

దీనికి కావలసిన సరంజామా ఇంటర్ మొదటి ఏడాది ఎం.పి.సి. చదివిన ప్రతివాళ్ల దగ్గరా ఉంది. గణితం 1ఎ పుస్తకంలో మొదటి అధ్యాయమే ప్రమేయాలు. అక్కడ రెండు సిద్ధాంతాలు ఉంటాయి. మూడు ప్రమేయాల్ని వరసగా కలిపేటప్పుడు మొదటి రెండింటిని ముందు కలిపినా, చివరి రెండింటిని ముందు కలిపినా వచ్చే సంయుక్త ప్రమేయం ఒకటే. తత్సమ ప్రమేయంతో ఏ ప్రమేయాన్ని కలిపినా అది మారదు. ఏడు మార్కుల కోసం పిల్లలు వీటి నిరూపణలు బట్టీ పట్టి, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. కేటగిరీ థియరీ ఈ రెండు సిద్ధాంతాల్నే తీసుకుని నియమాలుగా మార్చింది. కొన్ని వస్తువులు, వాటి మధ్య కొన్ని బాణాలు. ఒక బాణం మొన దగ్గర ఇంకో బాణం మొదలైతే రెండూ కలిసి ఒక బాణం అవ్వాలి. ఆ కలపడం పై రెండు నియమాలకు లోబడాలి. ఇవి ఉంటే అది ఒక కేటగిరీ. వస్తువు లోపల ఏముందో నిర్వచనం ఎక్కడా అడగదు. చెప్పడానికి ఇంతే ఉండటం వల్లే చాలామంది దీన్ని మొదటిసారి చూసి, ఇందులో ఏముందని పెదవి విరుస్తారు.

ఏముందో జిల్లాలతోనే చూద్దాం. ఇక్కడ వస్తువంటే ఒక్క ఊరు కాదు, ఊళ్ల జాబితా మొత్తం; బాణమంటే జాబితా నుంచి జాబితాకు ప్రమేయం. తెలంగాణ ఊళ్ల నుంచి శాసనసభ స్థానాలకు ఒక బాణం ఉంది. అది గాంధారిని ఎల్లారెడ్డికి పంపుతుంది. శాసనసభ స్థానాల నుంచి లోక్‌సభ స్థానాలకు ఇంకో బాణం. అది ఎల్లారెడ్డిని జహీరాబాద్‌కు పంపుతుంది. రెండూ కలిస్తే ఊళ్ల నుంచి లోక్‌సభ స్థానాలకు నేరుగా ఒక బాణం. ఇది మామూలు సంగతే. ఇప్పుడు అసలు ప్రశ్న. ఊళ్ల నుంచి పాత పది జిల్లాలకు ఒక బాణం, 2016లో వచ్చిన 31 జిల్లాలకు ఒక బాణం ఉన్నాయి కదా. ఊరి పేరు దాచి కొత్త జిల్లా పేరు మాత్రమే చెప్తే పాత జిల్లా ఏదో చెప్పగలమా? అంటే, కొత్త జిల్లాల నుంచి పాత జిల్లాలకు ఒక బాణం గీసి, ఊళ్ల దగ్గర మొదలయ్యే త్రిభుజంలో ఏ దారిన వెళ్లినా ఒకే చోటికి చేరేలా చెయ్యగలమా?

కామారెడ్డి అంటే చెప్పగలం: అది పాత నిజామాబాద్. సిద్దిపేట అంటే నోరు కట్టుబడిపోతుంది. దుబ్బాక పాత మెదక్, హుస్నాబాద్ పాత కరీంనగర్, చేర్యాల పాత వరంగల్. కాబట్టి అలాంటి బాణం లేదు. పోనీ తిరగేసి పాత జిల్లాల నుంచి కొత్త జిల్లాలకు గీద్దామంటే నిజామాబాద్ దగ్గరే ఆగిపోతాం. బోధన్ అందులోనే ఉండిపోయింది, గాంధారి కామారెడ్డికి వెళ్లిపోయింది. ఏ బాణం ఏ బాణం గుండా వెళ్తుంది, ఏ త్రిభుజం కుదురుతుంది, ఏది కుదరదు అన్నవే కేటగిరీ థియరీలో రోజూ అడిగే ప్రశ్నలు. పునర్విభజనలో ఏదో ఒక కొత్త జిల్లాను ఒకటికన్నా ఎక్కువ పాత జిల్లాల ముక్కలు కలిపి కుట్టారని ఈ త్రిభుజం కుదరకపోవడమే చెప్పేసింది.

ఇది పుట్టింది ఊళ్ల లెక్కల కోసం కాదు. 1941లో సాండర్స్ మెక్‌లేన్ మిచిగన్ విశ్వవిద్యాలయంలో సమూహాల గురించి ఉపన్యాసాలిచ్చాడు. వింటున్నవాళ్లలో పోలండ్ నుంచి వచ్చిన సామ్యుయెల్ ఐలెన్‌బర్గ్ ఉన్నాడు, అతనిది టోపాలజీ. బీజగణితంలో మెక్‌లేన్ చేస్తున్న లెక్క, టోపాలజీలో తనకు తారసపడిన లెక్క ఒకే జవాబు ఇస్తున్నాయని అతనికి తట్టింది. రెండు దూరపు రంగాల్లో అదే జవాబు కాకతాళీయంగా రాదు. ఒక రంగంలోని వస్తువుల్నీ బాణాల్నీ కలిపి, నియమాలు చెడకుండా, ఇంకో రంగానికి తరలించే పద్ధతి ఏదో ఉండాలి. ఆ తరలింపునే ఫంక్టర్ అన్నారు. రెండు ఫంక్టర్లను పోల్చే మార్గం కూడా కావాలి. ఇవన్నీ కలిపి ఇద్దరూ 1945లో రాసిన వ్యాసంతో శాఖకు పేరు, ఊరు వచ్చాయి.  

తర్వాతి పదిహేనేళ్లలో పనిముట్టు పెద్దదైంది. జపాన్ గణితవేత్త నొబువో యొనెదా 1950ల నడుమ పారిస్ గార్ దు నోర్ స్టేషన్లో మెక్‌లేన్‌కు చెప్పిన ఒక చిన్న లెమ్మా ఇప్పుడు ఈ శాఖకు వెన్నెముక. ఒక వస్తువులోకి మిగతా అన్ని వస్తువుల నుంచి వచ్చే బాణాలన్నీ, అవి ఒకదానితో ఒకటి కలిసే తీరూ తెలిస్తే, ఆ వస్తువు పూర్తిగా తెలిసినట్లే. అచ్చం అవే బాణాలున్న ఇంకో వస్తువు ఉంటే రెండింటికీ గణితపరంగా తేడా లేదు. 1957లో గణితవేత్త గ్రోతెన్‌డీక్ జపాన్ పత్రిక తోహోకులో అచ్చేసిన పొడవాటి వ్యాసంతో బీజీయ జ్యామితి ఈ భాషలోకి మారిపోయింది.  

ఇక పునాది మాట. గణితంలో అన్నీ చివరికి సమితులే అన్న ఏర్పాటు 1908లో జెర్మెలో మొదలెట్టాడు, 1922లో ఫ్రెంకెల్ సరిదిద్దాడు. ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునే పునాది అదే. ఈ ఏర్పాటులో సంఖ్యలు కూడా సమితులే కావాలి. సున్నా అంటే ఖాళీ సమితి. తర్వాత? జెర్మెలో ప్రకారం ప్రతి సంఖ్యా దాని ముందు సంఖ్య ఒక్కటే మూలకంగా ఉన్న సమితి. అంటే మూడులో ఉన్న ఏకైక మూలకం రెండు. ఫాన్ నాయ్‌మన్ ప్రకారం ప్రతి సంఖ్యా తనకన్నా చిన్నవన్నీ మూలకాలుగా ఉన్న సమితి. అంటే మూడులో సున్నా, ఒకటి, రెండు ఉన్నాయి. ఏది పట్టుకున్నా కూడికలు, గుణకారాలు ఒకేలా వస్తాయి. కానీ 'ఒకటి మూడులో మూలకమా?' అని అడగండి. జెర్మెలో కాదంటాడు, ఫాన్ నాయ్‌మన్ అవునంటాడు. 1965లో పాల్ బెనాసెరాఫ్ అనే తత్త్వవేత్త ఇక్కడే పట్టుకున్నాడు. రెండు నిర్వచనాలూ సరైనవే అయి, ఒకే ప్రశ్నకు రెండు జవాబులిస్తుంటే, సంఖ్య అనేది ఆ రెండు సమితుల్లో ఏదీ కాదన్నమాట.

నాకైతే అసలు ఆ ప్రశ్న అడగడానికి వీలుండటమే పునాదిలో లోపం అనిపిస్తుంది. కిరాణా కొట్టువాడి దగ్గర నుంచి రామానుజన్ దాకా సంఖ్యలతో బతికినవాళ్లెవరూ ఒకటి మూడు లోపల ఉందా అని అడగలేదు. ఆ మాటకొస్తే క్రమయుగ్మానికీ ఇదే గతి. (కామారెడ్డి, ఎల్లారెడ్డి) అనే జంటను సమితిగా రాయడానికి 1921లో కురటోవ్‌స్కీ ఒక ఉపాయం చెప్పాడు: కామారెడ్డి ఒక్కటే ఉన్న సమితి ఒకటి, కామారెడ్డి ఎల్లారెడ్డి రెండూ ఉన్న సమితి ఇంకోటి, ఈ రెండే మూలకాలుగా ఉన్న సమితి. పని జరుగుతుంది. కానీ జంట అనగానే మనకు కావలసిందల్లా మొదటిదేదో రెండోదేదో తెలియడమే.

బాణాల పద్ధతి అక్కడితోనే మొదలవుతుంది. జిల్లాల సమితి, శాసనసభ స్థానాల సమితి తీసుకోండి. వీటి లబ్ధం అంటే, వాటికి ఒక్కో బాణం చొప్పున రెండు బాణాలున్న ఒక వస్తువు. దానికి ఉండాల్సిన గుణం ఒక్కటే. వేరే ఏ వస్తువు నుంచైనా ఆ రెండు సమితులకూ బాణాలుంటే, అవి రెండూ ఈ వస్తువు గుండా ఒకే ఒక్క తీరులో వెళ్లాలి. ఊళ్ల నుంచి జిల్లాలకు బాణం ఉంది, శాసనసభ స్థానాలకు బాణం ఉంది. అందువల్ల ఊళ్ల నుంచి లబ్ధానికి ఒకే ఒక్క బాణం, గాంధారిని కామారెడ్డి–ఎల్లారెడ్డి జంటకు పంపేది. జంట దేనితో తయారైంది అన్న ప్రశ్నే రాలేదు. ఈ గుణమున్న వస్తువులు రెండు దొరికితే వాటి మధ్య అటూ ఇటూ తిరిగి రాగల బాణాలు తప్పకుండా ఉంటాయని ఈ నిర్వచనం నుంచే నిరూపించొచ్చు. కాబట్టి ఏది వాడినా ఒకటే.

ఇలా సమితులన్నింటినీ చెప్పగలమా? 1963లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఐలెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేసిన విలియమ్ లావీర్ చెప్పగలమన్నాడు. మూలకాలు లేకుండా సమితులా అని మెక్‌లేన్ మొదట కొట్టిపారేశాడు. రాతప్రతి చదివాక మనసు మార్చుకుని, 1964లో దాన్ని అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికకు తనే సమర్పించాడు. లావీర్ నియమాల్లో 'మూలకం' మూల పదం కాదు. ప్రతి వస్తువు నుంచీ సరిగ్గా ఒక్కో బాణం వచ్చే వస్తువు ఒకటి ఉంటుంది. దాన్ని ఏకం అందాం. ఏదైనా సమితిలో మూలకం అంటే ఏకం నుంచి ఆ సమితికి ఒక బాణం. గాంధారి కూడా బాణమే: ఏకం నుంచి ఊళ్లకు. దానికి జిల్లా బాణాన్ని కలిపితే ఏకం నుంచి జిల్లాలకు ఒక బాణం వస్తుంది. దాని పేరు కామారెడ్డి. 'గాంధారి ఏ జిల్లా' అన్న ప్రశ్నకు జవాబు వెతకడమంటే రెండు బాణాల్ని కలపడమే. ఇంటర్ పుస్తకంలో ప్రమేయం విలువ కట్టడం, ప్రమేయాల్ని కలపడం రెండు వేర్వేరు పనులు. ఇక్కడ ఒకటే పని.

సహజ సంఖ్యలకూ అదే మర్యాద. ఒక మొదలు, ఒక తర్వాతి అడుగు ఉన్న వస్తువు అది. వేరే ఏ వస్తువులోనైనా ఒక మొదలునూ ఒక అడుగునూ మీరు ఎంచుకోండి, ఈ వస్తువు నుంచి దానికి వాటిని పాటించే బాణం ఒకటే ఉండాలి. నెలనెలా వడ్డీ మీద వడ్డీ లెక్కకట్టేవాడు చేసేది సరిగ్గా ఇదే: అసలు మొదలు, వడ్డీ కలపడం అడుగు, ఎన్నో నెలకు ఎంతో చెప్పేది ఆ బాణం. ఒకటి మూడులో ఉందా అని ఈ భాషలో అడగాలన్నా వాక్యం కుదరదు. పునాదికి ఉండాల్సిన మంచి లక్షణాల్లో ఇదొకటని నా నమ్మకం: నిరర్థకమైన ప్రశ్నను దాని వ్యాకరణమే రానివ్వకూడదు.

మూలకాల్ని వదిలేస్తే అనుకోని చోట ఒక లాభం కనిపిస్తుంది. కామారెడ్డి జిల్లాకు సెలవు అని ఉత్తర్వు వచ్చిందనుకోండి. అది జిల్లాల్లో ఒక ఉపసమితి గురించిన మాట. వెంటనే ఊళ్లలో ఒక ఉపసమితి తయారవుతుంది: ఆ జిల్లాలోని ఊళ్లన్నీ. బాణం ఊళ్ల నుంచి జిల్లాలకు పోతుంటే ఉపసమితులు జిల్లాల నుంచి ఊళ్లకు ఎదురు నడుస్తున్నాయి. అలా నడిచేటప్పుడు ఏదీ చెదరదు. 'ఈ జిల్లా గానీ ఆ జిల్లా గానీ', 'ఈ జాబితాలోనూ ఆ జాబితాలోనూ', 'ఈ జిల్లా తప్ప' అన్నవన్నీ ఊళ్ల దగ్గరికి ఉన్నవున్నట్టే చేరతాయి. ముందుకు నడిపిస్తే అలా కాదు. గాంధారి ఒక్కటే ఉన్న సమితికీ లింగంపేట ఒక్కటే ఉన్న సమితికీ ఉమ్మడి ఊరేదీ లేదు. రెండింటినీ జిల్లాల్లోకి పంపితే రెండూ కామారెడ్డి అయి కూర్చుంటాయి. తర్కం ఎప్పుడూ బాణానికి ఎదురే నడుస్తుంది.

ఈ ఎదురు నడకను 1930లలో మార్షల్ స్టోన్ పెద్ద సిద్ధాంతం చేశాడు. 'మరియు', 'లేదా', 'కాదు' లెక్కలు నడిచే ప్రతి బూలియన్ బీజగణితానికీ జతగా ఒక టోపాలజీ ప్రదేశం ఉంటుంది. బీజగణితాల మధ్య బాణాలు ఆ ప్రదేశాల మధ్య తిరగబడిన బాణాలవుతాయి. కేటగిరీలన్న మాట పుట్టక ముందే వచ్చిన ఈ ఫలితాన్ని ఇప్పుడు ఎవరు చెప్పినా బాణాల భాషలోనే చెప్తారు. 

తెలుగు నేల మీద ఈ తోవకు అతి దగ్గరగా వచ్చింది వాల్తేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గణితశాఖలో 1960ల నుంచి బూలియన్ బీజగణితాలూ జాలకాలూ ఒక ఇంటి వ్యవసాయంలా సాగాయి. ఎన్.వి. సుబ్రహ్మణ్యం బూలియన్ సదిశాంతరాళాల మీద 1964లో జర్మన్ పత్రిక మాథమాటిషే ట్సైట్‌ష్రిఫ్ట్‌లో రాశారు. కె.ఎల్.ఎన్. స్వామి మరుసటి ఏడాది మాథమాటిషే అన్నాలెన్‌లో, తర్కం వైపు నుంచి వచ్చిన బీజగణితాల్నీ క్రమం ఉన్న సమూహాల్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చే నిర్మాణాన్ని పరిచయం చేశారు. యు.ఎం. స్వామి 1974లో అమెరికన్ మాథమాటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అచ్చేసిన నాలుగు పేజీల వ్యాసం విషయం ఇంకా దగ్గరిది: ఏ బీజీయ నిర్మాణాన్నైనా ఒక షీఫ్ ఛేదాలుగా ఎప్పుడు చూపించొచ్చు అన్నది. ప్రదేశంలోని ప్రతి ముక్క మీదా కొంత సమాచారం, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడిన చోట ఉన్నది ఒప్పుకుంటే అంతటినీ కలిపి అతికించొచ్చు అన్న నియమం, ఇవి రెండూ ఉంటే షీఫ్. వీళ్లెవరూ తమ పనికి కేటగిరీ థియరీ అని బోర్డు పెట్టుకోలేదు. కానీ ఒక నిర్మాణాన్ని విప్పి లోపల చూసేకన్నా దాన్ని వేరే చోట ప్రతిబింబించి చూడటం అన్న అలవాటు ఒకటే. లావీర్, మైల్స్ టియర్నీ కలిసి 1969–70లో కెనడా హాలిఫాక్స్‌లో టోపాస్ అన్న నిర్మాణాన్ని నియమాలతో కట్టినప్పుడు వాళ్ల చేతిలో ఉన్న ముఖ్యమైన ఉదాహరణలు షీఫ్‌లే. టోపాస్‌లో అవును, కాదు అన్న రెండు జవాబులే ఉండాలని లేదు. 'ఈ ముక్క మీద అవును, ఆ ముక్క మీద ఇంకా తేలలేదు' అన్నదీ సరైన జవాబే. పాల్ కోహెన్ 1963లో సమితి సిద్ధాంతంలోని కంటిన్యువమ్ ఊహ విషయంలో వాడిన ఫోర్సింగ్ పద్ధతిని టియర్నీ ఈ భాషలోకి తెచ్చాడు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామందికి ఈ శాఖ ఇంకో గుమ్మం గుండా తెలుసు. హాస్కెల్ భాషలో మోనాడ్ అనేది ఇక్కడి నుంచి వెళ్లిందే. యూజీనియో మోజ్జీ 1989లో మొదలెట్టిన పని అది. యూట్యూబులో దాన్ని వివరించబోయి విసిగించిన వీడియోలకు లెక్క లేదు.

పునాది అన్నమాటకు అభ్యంతరాలు గట్టివే ఉన్నాయి. 1977లో సాలమన్ ఫెఫర్‌మన్ అన్నది మొదటిది: వస్తువుల గుంపు, ఆ గుంపు మీద ప్రక్రియ అన్న భావాలు ముందే మనసులో లేకపోతే, కేటగిరీ నిర్వచనంలో 'కొన్ని వస్తువులు, కొన్ని బాణాలు' అన్న మొదటి మాటే అర్థం కాదు కదా. లావీర్ పక్షం జవాబు ఏమంటే, సమితి సిద్ధాంతంలో కూడా 'కొన్ని సమితులు, వాటి మధ్య మూలకం అనే సంబంధం' అని మొదలెడుతున్నాం, దాన్నెవరూ తప్పుపట్టడం లేదు. ఈ వాదులాటలో నాకు రెండు వైపులా కొంత నిజం కనిపిస్తుంది. నేర్చుకునే వరసలో ఫెఫర్‌మన్ చెప్పిందే సరి, ఐదో తరగతి పిల్లలకు బాణాలతో మొదలెట్టలేం. కానీ నేర్చుకునే వరసా, నియమాలు నిలిచే వరసా ఒకటి కానక్కర్లేదు. రెండో అభ్యంతరం పరిమాణం. అన్ని సమితుల కేటగిరీ అనగానే, తమలో తాము మూలకం కాని సమితులన్నిటి సమితి తనలో ఉందా లేదా అన్న రసెల్ వైరుధ్యం తలుపు తడుతుంది. గ్రోతెన్‌డీక్ దీనికోసం 'విశ్వాలు' అని పెద్ద సమితుల్ని ఊహించుకున్నాడు. అవి ఉన్నాయని మామూలు నియమాలతో నిరూపించలేం, అదనంగా ఒప్పుకోవాల్సిందే.

మూడోది మరీ లోతైనది, నికరంగా కొలిచి చూడగలిగినది. లావీర్ నియమాలు జెర్మెలో–ఫ్రెంకెల్ నియమాలంత బలమైనవి కావు. సహజ సంఖ్యల సమితి తీసుకోండి. దాని ఉపసమితులన్నిటి సమితి ఇంకా పెద్దది. దాని ఉపసమితుల సమితి అంతకన్నా పెద్దది. ఇలా ఎంత దూరం వెళ్లినా ఒక్కో మెట్టూ లావీర్ నియమాలతో కట్టొచ్చు. కానీ ఈ అనంతమైన మెట్లన్నిటినీ ఒకే సమితిలో పోగెయ్యడం వాటితో కుదరదు. ఫ్రెంకెల్ 1922లో కలిపిన ప్రతిస్థాపన నియమం సరిగ్గా దీనికే. దాన్ని బాణాల భాషలో రాసి లావీర్ జాబితాకు చేరిస్తే రెండు పునాదుల బలమూ సమానమైపోతుంది.

చేర్చాల్సిన అవసరం పడుతుందా? 2014లో అమెరికన్ మాథమాటికల్ మంత్లీలో టామ్ లైన్‌స్టర్ లావీర్ నియమాల్నే పదే పది నియమాలుగా మామూలు భాషలో రాసి, గణితవేత్తలు రోజూ చేసే పనికి ఇవి చాలునన్నాడు. అతను చెప్పింది నిజమే, కానీ ఒక చోట చాలవు. ఇద్దరు ఆటగాళ్లు వంతులవారీగా అంకెలు చెప్తూ అంతులేకుండా ఆడే ఆట ఉంది. వచ్చిన వరుస ముందే నిర్ణయించిన ఒక సమితిలో పడితే మొదటివాడు గెలుస్తాడు, లేకపోతే రెండోవాడు. ఆ సమితి బోరెల్ సమితి (సరళమైన సమితులతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా కట్టగలిగిన రకం) అయితే ఇద్దరిలో ఎవరో ఒకరికి తప్పకుండా గెలిచే ఎత్తుగడ ఉంటుందని డోనాల్డ్ మార్టిన్ 1975లో నిరూపించాడు. ఆ నిరూపణ ఉపసమితుల మెట్లు అనంతంగా ఎక్కుతూ పోతుంది. వేరే దారేమైనా ఉందా అనుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే అలా ఎక్కకుండా దీన్ని నిరూపించడం అసాధ్యమని హార్వీ ఫ్రీడ్‌మన్ 1971లోనే, అంటే నిరూపణ దొరకడానికి నాలుగేళ్ల ముందే తేల్చేశాడు. ఈ ఆటల మీద పనిచేసేవాళ్లు ఈ పదింటికి పదకొండోదిగా ప్రతిస్థాపనను చేర్చుకుంటారు. మిగతావాళ్లకు ఆ తేడా తగలదు.